పౌడరు గుంత

మా ఊళ్లో దీన్ని పౌడరు గుంత అంటాం.
పేరు పెట్టింది పెద్దలు కాదు, లారీ డ్రైవర్లు.

మా అమ్మ దీంట్లోకి దిగేటప్పుడు
కొంగు ముక్కుకు చుట్టుకునేది.
పొద్దుగూకి పైకొస్తే
కనురెప్పలతో సహా తెలుపు,
ముప్పై ఏండ్లకే ముసలవ్వ.
గంపకింతని లెక్క.
ఆ బూడిద బనగానపల్లె దాటి, ఎక్కడెక్కడో తిరిగి,
నిమ్మకాయ బొమ్మున్న పాకిట్లో కూర్చోని
మళ్లా మా మాబున్ని అంగడికే వచ్చేది,
అంట్లు తోమే పొడిగా.
మేం అమ్మిన మన్ను మేమే కొన్నాం.
అబద్ధమెందుకు, గిన్నెలు మాత్రం తళతళలాడేవి.

ఇప్పుడు నేను అదే గుంతలో జల్లెడ పడతా.
కూలి ఐదొందలు, రెండు పూటలా టీ.
గడ్డపార ముట్టుకోవద్దన్నారు.
పళ్లు తోముకునే బ్రష్షు చేతికిచ్చినారు.
"మన్నుకు పాచి పట్టిందేమో మద్దమ్మా, బాగా తోము"
అని పక్క గుంతలోంచి ఈరన్న.

హైమవతి మేడం బోర్లించిన బకెట్టు మీద కూర్చోని
గళ్ల కాగితంలో మట్టిగోడను గీస్తాది.
కింద ఎర్రమన్ను, పైన మళ్లా మన్ను,
రెండు జొన్నరొట్టెల నడుమ వెన్న పెట్టినట్టు బూడిద.
సముద్రం అవతల సుమత్రా అని ఒక దీవిలో
కొండ పగిలి
దాని బూడిద గాలికెక్కి ఇంత దూరమొచ్చి
మా జుర్రేటి వాగు మీద పడిందంట.
డెబ్బై నాలుగు వేల ఏండ్లంట.
నాకు అంత లెక్క పట్టలేదు.
మా ఇంట్లో కాలం
బోరు ఎండిన ఏడు నుంచి మొదలైతాది.

ఆ పొద్దు ఇక్కడ మనుషులున్నారా అనడిగినా.
బూడిద కింద దొరికిన రాతిపెచ్చు ఒకటి,
బూడిద పైన దొరికింది ఒకటి
అరచేతిలో పక్కపక్కన పెట్టి చూపించింది.
ఒకే తీరు చెక్కుడు.
"ఉన్నారు. తర్వాత కూడా ఉన్నారు" అంది.
కాసేపాగి, "అందరూ ఒప్పుకోరులే,
ఇంకా వాదులాడుకుంటానే ఉన్నారు" అంది.

నాకు వాదం తెలీదు.
వాళ్లు తలెత్తి చూసింటారు, అది తెలుసు.
మోడం కమ్మిందని చేయి చాపింటారు.
ఈ సీమలో ఆకాశం నల్లబడితే
చేయి దానంతటదే లేస్తాది.
అరచేతిలో పడింది తడిగా లేకపోతే
ఒకరి మొగం ఒకరు చూసుకునింటారు.
పిల్లోళ్లు నాలుక చాపి, ఉమ్మేసింటారు.
ఏటి నీళ్లు గంజిలా అయినప్పుడు
ఎవరో ఒకామె దేంతోనో వడగట్టింటాది.
కొంగు లేని కాలం. దేంతోనో మరి.

వాళ్లు ఈ బూడిదను దాటుకొచ్చినారు.
మా అమ్మ దాటలేదు.
కర్నూలు పెద్దాసుపత్రిలో
ఫిల్మును వెలుగుకు పట్టి
ఊపిరితిత్తుల్లో దుమ్ము అన్నాడు డాక్టరు.
ఏ ఊరి దుమ్మో అడగలేదు.
అంత దూరం నుంచి వచ్చి
అన్ని వేల ఏండ్లు కాచుకొని కూర్చున్న కొండ.
ఇది మేడానికి చెప్పలేదు.
ఆమె కాగితంలో దానికి గడి ఉందో లేదో.

నిన్న జల్లెట్లో వేలు తెగింది.
గోరంత రాయి. ఇంకా పదునే.
మేడం పరిగెత్తుకొచ్చి
ముందు రాయిని చూసింది, తర్వాత నా వేలిని,
ఆ తర్వాత సిగ్గుపడింది.
నేను చిటికెడు బూడిద తీసి గాయానికద్దుకున్నా,
అమ్మ అద్దినట్టే.
"అయ్యో, అది వద్దు" అంటానే ఉంది.

రాయి సంచిలోకి పోయింది.
సంచి మీద గుంత నంబరు, లోతు, తేదీ.

అమ్మ గంపల్లో ఇట్లాంటివి ఎన్ని పోయినాయో.
ఏ ఊళ్లో, ఏ ఇత్తడి బిందె మీద
సన్నగా గీత పడిందో,
ఎవరు ఆ పాకిట్టును తిట్టుకున్నారో.